చెవికి అందే అక్షరం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఊరందరికీ ఆయన మాస్టారు. నేనూ అలాగే అంటాను. ఆరో ఏట అమ్మవారు పోసి ఆయన చూపు పోయింది. బ్రెయిల్‌లో చదువుకున్నారు, తెలుగు ఎమ్మే చేశారు, అంధుల పాఠశాలలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠం చెప్పారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. వైకల్యం ఉన్నవాళ్లకు అందేలా సాంకేతిక సాధనాలను ఎలా తయారుచేయాలో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, అసలు ఈ విద్య నాకు ఎవరు నేర్పారా అని ఆలోచించాను. కాలేజీ కాదు, ఉద్యోగమూ కాదు. మాస్టారే నేర్పారు. కాబట్టి ఈ సాయంత్రం ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాను. తెలుగు అక్షరం కంటికి కనిపిస్తే చాలదు, అది చెవికీ వేలికీ కూడా అందాలి.

ప్రధానంగా చూపు గురించే మాట్లాడతాను. వినికిడి లేనివాళ్లకు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లకు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఏం కావాలో చెప్పాల్సింది వాళ్లూ, వాళ్లతో రోజూ మెలిగేవాళ్లూ. వాళ్లను ఈ వేదిక మీదికి పిలవమని నిర్వాహకులను కోరుతున్నాను. ఏ మాట వాడాలన్న చర్చ కూడా ఉంది. ఒకచోట విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు, ఇంకోచోట దివ్యాంగులు అంటున్నారు. మాస్టారు ఆ చర్చలోకి దిగేవారు కాదు. "ఏమని పిలిచినా పలుకుతాను తల్లీ, నాకు పుస్తకం కావాలి" అనేవారు.

నేను ఇంజనీరును కాను. 1998లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో పేజీకి ఇంత అని తెలుగు కంపోజింగ్ చేసేదాన్ని. శుభలేఖలు, కరపత్రాలు, పరీక్షల గైడ్లు, కవితా సంపుటాలు, ఏది వస్తే అది. 2003లో మాస్టారి వ్యాసాలు వచ్చాయి. ఆయన చెబుతుంటే శిష్యుడొకరు రాసిన లాంగ్ నోటుబుక్కులు ఐదు. పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేస్తే నూట ఎనభై పేజీలు తేలింది. ప్రూఫులు శిష్యుడు చదివి వినిపించేవాడు, మాస్టారు వింటూ దిద్దించేవారు. పుస్తకం అచ్చయి వచ్చిన రోజు ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, వీపు తడిమి, పేజీలు వేళ్లతో జారవిడిచి, చాలాసేపు ఒళ్లోనే ఉంచుకున్నారు. తను రాసిన పుస్తకంలో ఒక్క వాక్యం కూడా తనంతట తాను చదువుకోలేని మనిషి చేతిలో ఆ పుస్తకం ఉందన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

పదేళ్లు గడిచాయి. 2013లో మాస్టారి మనవడు ఇంట్లో కంప్యూటర్ పెట్టి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాం వేసి ఇచ్చాడు. డెబ్బై ఏళ్ల వయసులో ఆయన కీబోర్డు మొత్తం నేర్చుకున్నారు. ఎఫ్ మీద, జే మీద చిన్న గీత తగులుతుంది చూడండి, ఆ రెండు గీతలే ఆధారం. ఒకరోజు నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, నా పుస్తకం ఫైలు నీ దగ్గర ఉందా? దాన్ని ఒకసారి నా అంతట నేను చదువుకోవాలని ఉంది."

ఫైలు ఉంది. పాత సీడీలోంచి తీసి, అందులోని పాఠాన్ని మామూలు ఫైలులోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. మాస్టారు తనే తెరిచారు. యంత్రం చదవడం మొదలుపెట్టింది. ఒక ఇంగ్లిష్ అక్షరం, ఒక డాలర్ గుర్తు, మళ్లీ రెండు అక్షరాలు, ఏదో యూరప్ భాషలో నెత్తిన చుక్కలున్న అచ్చు, ఒక ప్లస్, ఒక బ్రాకెట్. ఆయన కొంచెంసేపు ఓపిగ్గా విన్నారు. తన చెవికేమైనా అయిందేమో అన్నట్టు వేగం తగ్గించి మళ్లీ విన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది ఏ భాష తల్లీ?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. అది నేను నా చేత్తో కొట్టిన తెలుగు.

ఏం జరిగిందో చెబుతాను, ఎందుకంటే మన భాషలో గత ముప్ఫై ఏళ్లలో అచ్చయిన పుస్తకాల్లో చాలావాటి పరిస్థితి ఇదే. కంప్యూటర్‌కు అక్షరం బొమ్మగా తెలియదు, సంఖ్యగా తెలుసు. ఫలానా సంఖ్యకు ఫలానా అక్షరం అని లోకమంతా ఒప్పుకుంటేనే ఒకచోట రాసింది ఇంకోచోట చదవగలం. పాత తరం తెలుగు ఫాంట్లు చేసినవాళ్ల చేతిలో ఉన్నవి 256 గళ్లు. వాటిలో చాలావరకు ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించినవి. గుణింతాలతో, వత్తులతో ఉన్న తెలుగు అన్ని గళ్లలో పట్టదు. అందుకని వాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఇంగ్లిష్ అక్షరం ఉండే గడిలో తెలుగు ముక్క బొమ్మను కూర్చోబెట్టారు. తెర మీదా కాగితం మీదా ఆ ముక్కలు అతుక్కుని అందమైన తెలుగు కనిపిస్తుంది. లోపల మాత్రం ఆ గడిలోని ఇంగ్లిష్ సంకేతమే ఉంటుంది. అప్పటికి వేరే దారి లేదు. వాళ్ల నేర్పు వల్లే తెలుగు పత్రికలు, పుస్తకాలు సీసపు అచ్చుల కాలం దాటి ముందుకొచ్చాయి, ఆ రుణం కాదనను. కానీ కంటికి మాత్రమే తెలుగు. చెవికి అది తెలుగు కాదు.

ఈ పొరపాటు కొత్తది కాదు. రెండు వందల ఏళ్ల నాటిది.

పారిస్‌లో అంధుల కోసం పెట్టిన తొలి పాఠశాలలో పిల్లలకు పుస్తకాలుండేవి. వాటిలో మామూలు రోమన్ లిపినే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చు వేసేవారు. చూపున్న ఉపాధ్యాయుడికి ఆ పేజీ చక్కగా కనిపించేది, చదవడానికి వీలుగా ఉండేది. పిల్లలు మాత్రం ఒక్కో అక్షరం వంపు చుట్టూ వేలు తిప్పి, అది ఏమిటో పోల్చుకుని, తర్వాతి అక్షరానికి వెళ్లేసరికి ముందుది మరిచిపోయేవారు. సొంతంగా రాయడమైతే అసలు కుదిరేదే కాదు. ఆ బడిలో చేరిన కుర్రాడు లూయీ బ్రెయిల్. 1809లో పుట్టాడు, తండ్రి గుర్రాలకు తోలు జీనులూ పట్టెడలూ కుట్టేవాడు, మూడేళ్ల వయసులో ఆ పనికొట్లోనే పదునైన పనిముట్టు కంటికి తగిలి క్రమంగా రెండు కళ్లూ పోయాయి. షార్ల్ బార్బియే అనే సైనికాధికారి ఉబ్బెత్తు చుక్కలతో ఒక రాత పద్ధతి తయారుచేసి ఆ బడికి తెచ్చాడు. అందులో ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి. వేలి కొస కింద ఒక్కసారిగా ఇమడవు. బ్రెయిల్ దాన్ని ఆరుకు కుదించాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్లు.

ఆరు చుక్కలే ఎందుకంటే వేలి మెత్త అంతే కాబట్టి. ఆ కొలత తెలిసినవాడు, ఆ వేలితో బతుకుతున్నవాడు మాత్రమే దాన్ని కనిపెట్టగలిగాడు. అయినా ఆ బడి దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, అతను చనిపోయిన రెండేళ్లకు. మధ్యలో ఆ లిపిని వాడకూడదన్న పెద్దలు కూడా ఉన్నారు. చూపున్నవాళ్లు చదవలేని లిపి వల్ల పిల్లలు లోకానికి దూరమవుతారని వాళ్ల భయం. ఎవరి లోకానికి అన్న ప్రశ్న వాళ్లకు రాలేదు.

మాస్టారు ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ మన దేశం దగ్గరికి వచ్చి ఆగేవారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయ భాషలకు రకరకాల బ్రెయిల్ పద్ధతులుండేవి. 1951లో అన్ని భాషలకూ కలిపి భారతి బ్రెయిల్ ఖాయమైంది. అందులో క అనే ధ్వనికి తెలుగైనా, బెంగాలీ అయినా, తమిళమైనా ఒకటే చుక్కలు. లిపులు వేరైనా వేలి కింద భాషలన్నీ ఒక వర్ణమాలలో కూర్చున్నాయి. ఆ పద్ధతిలో చదువుకున్న తొలి తరం పిల్లల్లో మాస్టారు ఒకరు. ఒరియా పుస్తకం చేతికిచ్చినా అర్థం కాకపోయినా గట్టిగా చదివి వినిపించగలనని ఆయన గర్వంగా చెప్పేవారు.

బ్రెయిల్‌లో ఆయన నాకు నేర్పిన మొదటి మాట 'అమ్మ'. మనం కాగితం మీద మ కింద మ వత్తు ఇస్తాం. బ్రెయిల్‌లో కిందకు చోటు లేదు, అన్నీ వరసలోనే రావాలి. అందుకని ముందు అ, తర్వాత నాలుగో చుక్క ఒక్కటి, తర్వాత మ, మళ్లీ మ. ఆ ఒంటరి నాలుగో చుక్క పొల్లుకు గుర్తు, వచ్చే హల్లులో అచ్చు లేదని అది ముందే హెచ్చరిస్తుంది. పలక మీద కాగితం బిగించి, మొనదేలిన శలాకతో కుడి నుంచి ఎడమకు పొడుస్తూ రాయాలి. తర్వాత కాగితం తిరగేసి ఎడమ నుంచి కుడికి చదవాలి. అమ్మ అన్న మాటను తిరగేసి రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆయన వేలు మాత్రం నా తప్పు దగ్గర ఠక్కున ఆగేది.

ఇక లోకమంతా ఒప్పుకున్న యూనికోడ్ అనే సంకేత ప్రమాణం సంగతికొస్తాను. మన భాషలకు కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించినప్పుడు కూడా దాదాపు ఇదే తర్కం పనిచేసింది. 1988 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీ అన్ని బ్రాహ్మీ లిపులకూ ఒకే వరస ఇచ్చింది. ఆ వరసనే ఆధారంగా చేసుకుని యూనికోడ్ తెలుగుకు సొంతంగా 128 గళ్లు కేటాయించింది. బొమ్మలకు కాదు, వర్ణాలకు. 'స్త్రీ' అన్న మాట చూడండి. కంటికి అది ఒక్క గుత్తి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. మనం పలికే వరసలోనే ఉంటాయి. బొమ్మను ఎలా అల్లాలో ఫాంటు చూసుకుంటుంది, ఎలా పలకాలో చదివే యంత్రం చూసుకుంటుంది, బ్రెయిల్‌లోకి ఎలా మార్చాలో ఇంకో ప్రోగ్రాం చూసుకుంటుంది. ఒకే రాత, మూడు దారులు. కంటి పేజీ, చెవి పేజీ, వేలి పేజీ ఒకే ఫైలులోంచి పుడతాయి.

మాస్టారి పుస్తకాన్ని మళ్లీ యూనికోడ్‌లో కొట్టాను. పాత ఫాంటు నుంచి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితోనే మొదలుపెట్టాను. కానీ వత్తులు తారుమారవడం, ముక్కలు విడిపోవడం చూసి సగం పేజీలు చేత్తోనే కొట్టాల్సి వచ్చింది. పగలు పని, రాత్రి ఇది. నాలుగు నెలలు పట్టింది. ఒక్కో అధ్యాయం కాగానే ఆయనకు పంపేదాన్ని. ఆయన విని తప్పులు చెప్పేవారు. మేమంతా కళ్లతో చూసి, శిష్యుడు రెండుసార్లు గట్టిగా చదివి, పదేళ్ల కిందట అచ్చు వేసిన పుస్తకంలో ఎన్ని తప్పులు మిగిలిపోయాయో అప్పుడు తెలిసింది. చూపున్న మనిషి తప్పు రాతను కూడా సరిగానే చదువుతాడు, అలవాటు కొద్దీ దిద్దుకుంటూ పోతాడు. యంత్రానికి ఆ మొహమాటం లేదు, ఉన్నది ఉన్నట్టే పలుకుతుంది.

ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. "మూడో వ్యాసంలో ఎవరో దు అని, కోలన్ అని, ఖం అంటున్నారు. ఏమిటది?" వెళ్లి చూశాను. 'దుఃఖం'. విసర్గ పెట్టాల్సిన చోట కోలన్ పెట్టాను. రెండూ రెండు చుక్కలే కదా, కాగితం మీద తేడా ఎవరికి తెలుస్తుంది? నేనే కాదు, మన డీటీపీ వాళ్లలో చాలామంది అలాగే కొడతారు, సినిమా పోస్టర్లలో, పత్రికల శీర్షికల్లో కూడా చూస్తున్నాను. సున్నా కూడా అంతే. మాట చివర పలికే సున్నకు ఒక సంకేతం, అంకెల్లో తెలుగు సున్నాకు ఇంకో సంకేతం. రూపంలో అచ్చంగా కవలలు. అంకె సున్నా పెట్టి 'పుస్తకం' అని రాస్తే కంటికి పుస్తకమే. వెతికే యంత్రానికి ఆ మాట దొరకదు, చదివే యంత్రం చివర్లో తడబడుతుంది. ఆ రోజు నుంచి నేను కొట్టిన ప్రతి పేజీనీ తెర ఆపేసి ఒకసారి వింటాను. ఈ ఉపన్యాసాన్ని కూడా అలా విన్నాకే అచ్చుకిచ్చాను.

ఇక్కడ గిడుగు రామమూర్తిగారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. రాతలో మనం పలికే తెలుగు ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. సవర కొండల్లో తిరిగేటప్పుడు పట్టుకున్న మలేరియాకు క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు పోయిన మనిషి, వినపడే భాష కోసం కొట్లాడారు. ఆయన పేరిట ఇప్పుడొక యూనికోడ్ ఫాంటు ఉంది. గురజాడ, మండలి, రామభద్ర, ధూర్జటి పేర్లతోనూ ఉన్నాయి, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. అక్షరాలు అందంగా లేవన్న వంక ఒకప్పుడు చెల్లేది, ఇప్పుడు చెల్లదు.

తెర చదివే ఆ ప్రోగ్రాం ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. అలాంటివి అంతకుముందూ ఉన్నాయి, కాకపోతే ఖరీదు. కంప్యూటర్ కొన్న డబ్బు కంటే దాన్ని మాట్లాడించడానికి ఎక్కువ పెట్టాల్సి వచ్చేది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడికి ఇది అన్యాయంగా తోచింది. 2006లో సొంతంగా రాయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు సంగీత శిబిరంలో పరిచయమైన జేమీ టే తోడయ్యాడు, అతనికీ చూపు లేదు. వాళ్లు దాన్ని ఉచితంగా ఇచ్చేశారు, మూలాన్ని కూడా అందరికీ తెరిచి పెట్టారు. అందువల్లే ఇంకెవరో దానికి తెలుగు పలకడం నేర్పగలిగారు. మొదట్లో ఆ గొంతు రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టుండేది. వినలేకపోయాను. మాస్టారు మాత్రం నాకు ఒక్క ముక్క అర్థంకాని వేగంతో పెట్టుకుని వినేవారు. "గొంతు మాధుర్యం తర్వాత చూసుకుందాం, ముందు పేజీ కదలనీ" అనేవారు. ఇప్పుడు ఫోన్లలో తెలుగు గొంతులు ఎంతో మెరుగయ్యాయి.

వాడే మనిషి బతుకును కొలతగా పెట్టుకోవడమనేది కంప్యూటర్ల పని మాత్రమే కాదు. జైపూర్ పాదం కథ మీలో చాలామందికి తెలుసు. కాలు పోయినవాళ్లకు అప్పటిదాకా దొరికే కృత్రిమ పాదం బూటు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, చదునైన నేల మీద నడిచే మనిషి కోసం తయారైంది. దాన్ని పెట్టించుకుని ఊరెళ్లిన రైతు పొలం గట్టు మీద నడవలేడు, బురదలో దిగలేడు, బాసింపట్టు వేసుకుని అన్నానికి కూర్చోలేడు, చెప్పులు విప్పి గుళ్లోకి పోలేడు. ఇంటికి వెళ్లాక దాన్ని మూలన పెట్టేసేవాడు. 1968లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేథీ, పెద్దగా చదువుకోని చేతిపనివాడు రామ్‌చంద్ర శర్మ కలిసి రబ్బరుతో వేరే పాదం చేశారు. బూటు అక్కర్లేదు, నీళ్లకు పాడవదు, గొంతుక్కూర్చోవచ్చు. రోగి ఎందుకు మూలన పెట్టాడో కనుక్కోవడం దగ్గర ఆ పని మొదలైంది. ఆ పాదంతోనే సుధాచంద్రన్ మళ్లీ నాట్యం చేశారు, ఆమె కథను ఆమే నటించగా 'మయూరి' సినిమాగా మన తెలుగువాళ్లు చూశారు.

మన ప్రచురణకర్తలతో నాకున్న పేచీ కూడా అదే. పుస్తకం ఎవరెవరు చదువుతారో కనుక్కోకుండానే ఫైలు ప్రెస్సుకు పోతోంది. చట్టం అడ్డుగా లేదు. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. అచ్చు పుస్తకం చదవలేని వాళ్ల కోసం ఏ పుస్తకాన్నయినా బ్రెయిల్‌లోకో, ఆడియోలోకో, చదవగలిగే ఫైలులోకో మార్చుకోవచ్చు, లాభం కోసం కానంతవరకు రచయిత అనుమతి అక్కర్లేదు. అంధుల పుస్తకాల కోసం 2013లో మరాకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయం పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. హక్కు ఉంది, అల్మరా ఉంది. అందులో పెట్టడానికి తెలుగు ఫైలు దొరకదు. ప్రచురణకర్తను అడిగితే పీడీఎఫ్ ఇస్తారు. దాని అడుగున ఉన్నది పాత ఫాంటు, యంత్రానికి మళ్లీ అదే డాలర్ గుర్తు, అదే బ్రాకెట్. లేదా స్కాన్ చేసిన బొమ్మ. బొమ్మలోంచి అక్షరాలను పోల్చుకునే పరిజ్ఞానం తెలుగుకు బాగానే వచ్చింది, కానీ పాత అచ్చులో మ ను వు గా, వ ను ప గా పొరబడటం ఇంకా మానలేదు. ఆ తప్పుల్ని ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి. మొదటే సరిగ్గా కొట్టి ఉంటే ఆ శ్రమ ఎవరికీ ఉండేది కాదు.

పాఠ్యపుస్తకం సమయానికి అందకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే, చూపులేనివాళ్లకు కుదరదన్నారు. కోర్టుకు వెళ్లి ఆ హక్కు తెచ్చుకున్నాడు. పాఠాలన్నీ ఆడియోగా మార్చిన ఒక ఉపాధ్యాయురాలి సాయంతో చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు, ఎంఐటీకి వెళ్లాడు, వెనక్కి వచ్చి పరిశ్రమ పెట్టాడు. అతని పట్టుదలను మెచ్చుకుంటాం, మెచ్చుకోవాలి. నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా కోర్టుకు వెళ్లలేని పిల్లలు, పాఠాలు చదివి రికార్డు చేసిపెట్టే పంతులమ్మ దొరకని పిల్లలు గుర్తొస్తారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లు సుమారు 50 లక్షలని తేలింది.

పుస్తకాలు దాటి రోజువారీ బతుకులోకి వస్తే ఇంకా చాలా ఉంది. జేబులో నోటు సంగతే చూడండి. ఇప్పుడు చెలామణీలో ఉన్న వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, అయిదు వందలది 150. వెడల్పు మూడింటికీ ఒకటే, 66. అంటే వందకూ రెండు వందలకూ మధ్య తేడా నాలుగు మిల్లీమీటర్లు, ఒక పెసర గింజంత. అంచున ఉబ్బెత్తు గీతలున్నాయి, చేతులు మారే కొద్దీ అరిగిపోతాయి. మాస్టారు ఇంట్లోనే మనవడి చేత వేరుచేయించుకుని వందను సగానికి, రెండు వందలను పొడవునా, అయిదు వందలను మూడు మడతలుగా పెట్టుకునేవారు. వెళ్లేటప్పుడు సరే, కూరగాయల బండి దగ్గర తిరిగి ఇచ్చిన చిల్లర సంగతేమిటి? కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెప్పే యాప్‌ను రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో తెచ్చింది, మంచి పని. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో కర్ర ఉన్న మనిషికి మూడో చెయ్యి లేదు. దానికంటే ఎక్కువ మేలు చేసింది, ఎవరూ అంధుల కోసమని చేయనిది, దుకాణాల్లో డబ్బు పడగానే తెలుగులో అంకె చెప్పే ఆ చిన్న పెట్టె. అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకేసారి వినిపిస్తుంది.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగం యాప్‌లను కళ్లు మూసుకుని పరీక్షించడం. ఒక బ్యాంకు యాప్ వచ్చింది ఈ మధ్య. తెర మీద వేలు జరుపుతుంటే ఫోను "బటన్, బటన్, బటన్, బటన్" అంటుంది. ఏ బటనో చెప్పదు, ఎందుకంటే తయారుచేసినవాళ్లు బొమ్మ పెట్టారు, పేరు రాయలేదు. ఇల్లు బొమ్మ, బాణం బొమ్మ, చీటీ బొమ్మ. కంటికి సరిపోయింది కదా! పేరు రాయడమంటే ఒక్కో బటన్‌కు ఒక మాట. డబ్బు పంపు. లెక్క చూడు. వెనక్కి. ఓటీపీ మాత్రం ముప్ఫై సెకన్లలో కొట్టాలి. మెసేజీ విని, గుర్తుపెట్టుకుని, వెనక్కొచ్చి, గడి వెతుక్కునేసరికి గడువు అయిపోతుంది. మేం రాసి పంపితే సరిచేశారు. రెండు నెలల తర్వాత కొత్త వెర్షన్‌లో పేర్లు మళ్లీ మాయమయ్యాయి.

కోర్టులు ఈ మధ్య గట్టిగా మాట్లాడుతున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద చేసిన నిబంధనల్లో అందుబాటు ప్రమాణాలు సలహాల మాదిరిగా ఉన్నాయని, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నియమాలు కేంద్రం చేయాలని రాజీవ్ రాటూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులో దేశంలో పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ వికలాంగ అధ్యయన కేంద్రం. తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసు. ఆమె యాసిడ్ దాడి నుంచి బతికి బయటపడ్డ మనిషి. బ్యాంకు ఖాతా తెరవాలంటే కెమెరా ముందు కళ్లు ఆర్పి తాను బతికున్న మనిషినేనని నిరూపించుకోమన్నారు. రెప్పలు కాలిపోయినవాళ్లు ఎలా ఆర్పుతారు? చూపులేనివాళ్లకు ముఖం గడిలో ఉందో లేదో ఎవరు చెబుతారు? డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పి, ఇరవై ఆదేశాలిచ్చింది. రెప్పవేయమని అడిగే ఆ తెరను గీసిన గదిలో రెప్పలేని మనిషి ఒక్కరున్నా ఈ కేసు పుట్టేదే కాదు.

ఈ సభలో డీటీపీ చేసే చెల్లెళ్లు, తమ్ముళ్లు కొందరున్నారు. మీరే నా లెక్కలో ఇంజనీర్లు. యూనికోడ్‌లో కొట్టండి. పేజీ తయారీకి పాత ఫాంటే కావాలని ప్రెస్సువాళ్లు అంటే, యూనికోడ్ ప్రతిని విడిగా దాచండి. అధ్యాయం శీర్షికను అక్షరం లావు చేసి వదిలేయకుండా, శీర్షిక అని ఫైలుకు కూడా చెప్పండి. అప్పుడే వినేవాళ్లు నూట ఎనభై పేజీల్లో తమకు కావాల్సిన చోటికి ఒక్క మీటతో దూకగలరు. ఫొటో ఉంటే అందులో ఏముందో రెండు వాక్యాలు రాయండి. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకూ ఒక మనవి. సర్క్యులర్‌ను ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, ఆ బొమ్మను పంపుతున్నారు. పింఛను నిబంధనలు మారిన కాగితం కూడా అలాగే వస్తోంది. పింఛను తీసుకునే మనిషే దాన్ని చదవలేడు. టైపు చేసిన అసలు ఫైలు మీ దగ్గర ఉంటుంది కదా, దాన్ని కూడా జతచేయండి.

మాస్టారి మొదటి పుస్తకం యూనికోడ్ ప్రతి ఈ సభ జరుగుతున్న గ్రంథాలయంలోనే ఉంది. ఎవరైనా పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే ఎక్కించి ఇస్తారు. కోరిక తీరా ఆయన దాన్ని ఎన్నిసార్లు విన్నారో మనవడు చెబుతుంటాడు. చివరి రోజుల్లో ఆసుపత్రిలో కూడా ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తాను ముప్ఫై ఏళ్ల కింద రాసిన ఒక వాక్యం దగ్గర ఆపించి, అక్కడ ఒక క్రియ మార్చాలన్నారట.

ఆయన రెండో పుస్తకం ఇంకా పాత ఫాంటులోనే ఉంది. 212 పేజీలు. కొంచెం కొంచెంగా కొడుతున్నాను. నిన్న రాత్రికి 94 అయ్యాయి. ఈ ఉదయం ఇక్కడికి బయలుదేరే ముందు 95వ పేజీ తెరిచాను. మొదటి వాక్యంలోనే 'అంతఃకరణ' ఉంది, విసర్గ ఉండాల్సిన చోట కోలన్ ఉంది. దిద్ది, తెర ఆపేసి, ఆ వాక్యాన్ని ఒకసారి విని వచ్చాను.